బార్ కార్డ్‌లు: వేళ్లలో బలం లేదనే అపోహ, మరికొన్ని

గిటార్‌లో జి, సి, డి, ఇ మైనర్ కార్డ్‌లు వచ్చేస్తాయి. రెండు మూడు పాటలు చేతికి వస్తాయి. ఆ తర్వాత సి స్కేల్ పాటలో ఎఫ్ తగులుతుంది, జి స్కేల్ పాటలో బి మైనర్ తగులుతుంది. ఈ రెండూ బార్ కార్డ్‌లు, అంటే చూపుడు వేలిని అడ్డంగా పరిచి ఒకేసారి పలు తీగలను నొక్కి పట్టేవి. చాలామంది గిటార్‌ను గోడకు ఆనించేసేది అక్కడే. "సార్, నా వేళ్లలో బలం లేదు" అని అడిగేవాళ్లలో పదేళ్ల పిల్లలుంటారు, యాభై దాటినవాళ్లూ ఉంటారు. బాధపడాల్సిన పని లేదు. వాళ్లలో చాలామందికి బలం సరిపడా ఉంది. అది తప్పు చోట ఖర్చవుతోంది, లేదంటే గిటారే అక్కర్లేని బలం అడుగుతోంది.

అపోహ: బార్ పట్టాలంటే చూపుడు వేలికి చాలా బలం కావాలి

నేర్చుకునేవాళ్లకు అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే మాట ఇది. దీన్ని నమ్మి హ్యాండ్ గ్రిప్పర్లు కొంటారు, బొటనవేలు నొప్పెట్టేదాకా పిండుతారు, చివరికి "నాకు గిటార్ రాసిపెట్టి లేదు" అని తేల్చేసుకుంటారు.

ముందు లెక్క చూడండి. ఎఫ్‌ను ఆరో తీగ (అన్నిటికంటే లావుది) నుంచి ఒకటో తీగకు (అన్నిటికంటే సన్ననిది) చదివితే 1-3-3-2-1-1. ఈ అంకెలు ఏ ఫ్రెట్‌లో నొక్కాలో చెబుతాయి; ఫ్రెట్ అంటే నెక్ మీద రెండు లోహపు కడ్డీల మధ్య చోటు. ఐదో తీగను ఉంగరపు వేలు, నాలుగో తీగను చిటికెన వేలు, మూడో తీగను మధ్య వేలు ఎలాగూ నొక్కుతున్నాయి. చూపుడు వేలు నిజంగా పలికించాల్సినవి 6, 2, 1 తీగలు మాత్రమే. మధ్యలో ఆ వేలు కాస్త వదులుగా ఉన్నా శబ్దానికి ఏ లోటూ రాదు. బి మైనర్ ఇంకా నయం. రెండో ఫ్రెట్ మీద ఐదో తీగ, ఒకటో తీగ పలికితే చాలు. వేలి కొస ఆరో తీగను ఊరికే తాకి మ్యూట్ చేస్తుంది. నిజంగా కష్టమైనది ఎఫ్ మైనర్. అక్కడ 1-3-3-1-1-1 కాబట్టి మూడో తీగ భారం కూడా చూపుడు వేలి మీదే పడుతుంది. అందుకే ఎఫ్ మైనర్‌ను ఎఫ్ తర్వాతే పట్టండి.

వేలిని ఫ్రెట్ కడ్డీకి ఆనుకునేంత దగ్గరగా పెట్టండి, కడ్డీ మీదికి ఎక్కించొద్దు. రెండు కడ్డీల మధ్యలో పెడితే అదే శబ్దానికి ఎక్కువ ఒత్తాలి. అరచేతి వైపు మెత్తని కండతో కాకుండా, బొటనవేలి వైపున్న ఎముక అంచు తీగల మీద ఆనేలా వేలిని కొద్దిగా దొర్లించండి. రెండో తీగ ఒక్కటే మూగబోతోందంటే అది వేలి కణుపు ముడతలోకి దిగిందన్నమాట. వేలిని రెండు మూడు మిల్లీమీటర్లు పైకో కిందికో జరిపితే పలుకుతుంది. మూడో తీగ మూగబోతే మధ్య వేలు కడ్డీకి దూరంగా ఉందేమో, పక్క వేలేదైనా దాన్ని తాకుతోందేమో చూడండి.

బలం బొటనవేలి నుంచి రాకూడదు. బొటనవేలు నెక్ వెనక దాదాపు మధ్య వేలికి ఎదురుగా ఊరికే ఆని ఉండాలి. కుడి ముంజేయి గిటార్ బాడీని ఛాతీకి ఆనించి పట్టుకుంటే, ఎడమ మోచేతిని కాస్త వెనక్కి లాగగానే చేతి బరువే తీగల మీద పడుతుంది. సరిగ్గా కుదిరిందో లేదో తెలియాలంటే బార్ పట్టి బొటనవేలిని ఒక్క క్షణం నెక్ నుంచి ఎత్తండి. శబ్దం కొంతైనా నిలిస్తే దారిలో ఉన్నట్టే. పూర్తిగా పోయిందంటే ఇన్నాళ్లూ పిండుతున్నారని అర్థం.

ఎంత ఒత్తాలో కూడా కొలుచుకోవచ్చు. వేలిని తీగల మీద ఊరికే ఆనించి మీటండి, టక్ టక్ అంటుంది. మీటుతూనే మెల్లగా ఒత్తిడి పెంచండి. తీగలు శుభ్రంగా పలికిన చోట ఆగిపోండి. మీకు కావాల్సింది అంతే. అది దాటి నొక్కితే శ్రుతి పైకి జరుగుతుంది, చెయ్యి త్వరగా అలసిపోతుంది.

ఇవన్నీ చేసినా ఒకటో ఫ్రెట్ దగ్గర రావడం లేదా? ఇక మిమ్మల్ని మీరు తిట్టుకోవడం ఆపి గిటార్ చూడండి. తక్కువ ధర గిటార్లు చాలావరకు నట్‌లో (నెక్ చివర, తల దగ్గర తీగలు ఆనే పట్టీలో) గాడులు సరిపడా లోతు లేకుండానే దుకాణానికి వస్తాయి. లోతు ఎక్కువైతే ఓపెన్ తీగ బజ్ కొడుతుంది కాబట్టి తయారీదారులు పైకే వదిలేస్తారు. నట్ ఎత్తు దెబ్బ అన్నిటికంటే గట్టిగా తగిలేది ఒకటో ఫ్రెట్‌కే, అంటే మీ ఎఫ్‌కే.

పరీక్షకు నిమిషం చాలు. ఏ తీగనైనా మూడో ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టి, ఒకటో ఫ్రెట్ కడ్డీకీ తీగకూ మధ్య సందు చూడండి. మామూలు కాగితం మందం, అంటే 0.1 మి.మీ. చుట్టుపక్కల ఉంటే బాగున్నట్టు. విజిటింగ్ కార్డ్ సులువుగా దూరిపోతే నట్ ఎత్తుగా ఉంది. మరో దారి: ఒకటో ఫ్రెట్ మీద క్యాపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే క్లిప్పు) పెట్టి రెండో ఫ్రెట్ దగ్గర అదే ఆకారం పట్టండి. ఒక్కసారిగా తేలికైపోతే దోషం నట్‌ది. గాడులు దించడానికి ఒక్కో తీగ మందానికి తగిన ఆకురాళ్లు ఉంటాయి. ఇంట్లో బ్లేడుతో గీయొద్దు. ఒక వెంట్రుకవాసి ఎక్కువ దిగినా నట్ మార్చాల్సి వస్తుంది.

తర్వాత 12వ ఫ్రెట్ దగ్గర స్కేలు పెట్టి కడ్డీ పైనుంచి తీగ అడుగుకు కొలవండి. ఈ ఎత్తునే యాక్షన్ అంటారు. స్టీల్ తీగల అకూస్టిక్‌కు ఆరో తీగ 2.4 మి.మీ., ఒకటో తీగ 1.6 మి.మీ. దగ్గర ఉంటే హాయి. ఆరో తీగ మూడు మి.మీ. దాటితే ప్రతి బార్ కార్డూ శిక్షే. దాన్ని దించాలంటే శాడిల్‌ను (బాడీ మీద తీగలు ఆనే పట్టీని) అడుగు నుంచి సమంగా అరగదీయాలి. 12వ ఫ్రెట్ దగ్గర అర మి.మీ. తగ్గాలంటే శాడిల్‌లో ఒక మి.మీ. పోవాలి. "ట్రస్ రాడ్ తిప్పేస్తే యాక్షన్ దిగిపోతుంది" అని చెప్పేవాళ్ల మాట దయచేసి వినకండి. నెక్ లోపలుండే లోహపు కడ్డీ అయిన ట్రస్ రాడ్ ఉన్నది నెక్ వంపు సరిచేయడానికి. ఆరో తీగను ఒకటో ఫ్రెట్‌లోనూ, నెక్ బాడీని కలిసే ఫ్రెట్‌లోనూ నొక్కిపట్టి ఏడో ఫ్రెట్ దగ్గర సందు చూడండి. పావు మి.మీ. కన్నా బాగా ఎక్కువుంటేనే దాని జోలికి వెళ్లాలి, అదీ ఒక్కసారికి పావు చుట్టు మించకుండా. విశాఖ, కాకినాడ లాంటి తీరం ఊళ్లలో వానాకాలంలో చెక్క తేమ పీల్చి గిటార్ పైపలక ఉబ్బుతుంది, యాక్షన్ పైకి లేస్తుంది. చలికాలంలో హాయిగా పట్టిన ఎఫ్ ఆగస్టులో మొరాయిస్తే మీరు వెనక్కి వెళ్లినట్టు కాదు.

గిటార్ బాగు చేయించేలోగా ఒక ఉపాయం. ఆరు తీగలనూ అర స్వరం దించి ట్యూన్ చేసుకోండి. బిగువు దాదాపు 11 శాతం తగ్గుతుంది. 12-53 సెట్ (అంకెలు తీగల మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) తీసి కాస్త సన్నని 11-52 వేసినా తేడా చేతికి తెలుస్తుంది.

అపోహ: ఎఫ్ వచ్చాకే మిగతా బార్‌లు

తిరగేయండి. 25.5 అంగుళాల స్కేల్ (నట్ నుంచి శాడిల్ దాకా తీగ పొడవు) ఉన్న గిటార్‌లో ఒకటో ఫ్రెట్ వెడల్పు 36 మి.మీ., ఐదోది 29. పైగా నట్ పక్కన తీగ గట్టిగా ఉంటుంది. కాబట్టి అదే ఆకారాన్ని ఐదో ఫ్రెట్‌లో 5-7-7-6-5-5గా పట్టి ఏ మేజర్‌తో మొదలుపెట్టండి. పట్టి, ఆరు తీగలూ ఒక్కొక్కటిగా మీటి, చెయ్యి పూర్తిగా వదిలేసి, మళ్లీ పట్టండి. ఒక విడత ఐదు నిమిషాలు చాలు, రోజుకు రెండు మూడు విడతలు చేయండి. శుభ్రంగా పలికాక మూడో ఫ్రెట్‌కు, తర్వాత రెండో ఫ్రెట్‌కు, ఆఖర్న ఒకటికి దిగండి. ఈలోపు పాట ఆగకూడదనుకుంటే నాలుగో తీగ నుంచి ఒకటో తీగ దాకా మాత్రమే పట్టే ఎఫ్ (3-2-1-1) వాయించుకోండి.

అపోహ: చిన్న చేతులకు బార్ రాదు

జాజ్ గిటారిస్ట్ జాంగో రైన్‌హార్ట్‌కు 1928 అగ్నిప్రమాదంలో ఎడమ చేతి ఉంగరపు వేలు, చిటికెన వేలు దెబ్బతిన్నాయి. ఆ తర్వాత ఆయన సోలోలు ఎక్కువగా మిగిలిన రెండు వేళ్లతోనే వాయించాడు. అలాంటప్పుడు చేతులు చిన్నవైనంత మాత్రాన బార్ రాదనుకోకండి. మీ పిల్లల చేతులు నిజంగా చిన్నవైతే త్రీ ఫోర్త్ సైజు గిటార్ ఉంది.

అపోహ: నైలాన్ తీగలైతే బార్ సులువు

సగం నిజం. తీగ మెత్తనే, కానీ క్లాసికల్ గిటార్ నెక్ నట్ దగ్గర 52 మి.మీ. వెడల్పు, స్టీల్ గిటార్‌ది 43 దగ్గర. ఫ్రెట్‌బోర్డ్ కూడా చదునుగా ఉంటుంది. కేవలం బార్ కోసం గిటార్ మార్చకండి.

అపోహ: క్యాపో వాడితే దొంగదారి

కాదు. సి స్కేల్ పాటకు ఐదో ఫ్రెట్‌లో క్యాపో పెట్టి జి ఆకారాలు వాయిస్తే ఎఫ్ స్థానంలో సి వస్తుంది. పాడేవాళ్ల శ్రుతికి తగ్గట్టు వాయించడానికి నిపుణులూ క్యాపో వాడతారు. కాకపోతే దాని చాటున ఎఫ్‌ను ఏడాదిపాటు వాయిదా వేయకండి.

అపోహ: నొప్పి పుడితేనే వస్తుంది

వేలి కొసలు మండటం మామూలే, కాయ కట్టాక పోతుంది. బొటనవేలి మొదట్లో నొప్పి మొదలైతే పిండుతున్నారని అర్థం, చెయ్యి దించి విదిలించి కాసేపు ఆగండి. మణికట్టులో నొప్పి, వేళ్లలో తిమ్మిరి ఉంటే ఆ రోజుకు గిటార్ పక్కన పెట్టండి. మర్నాడు కూడా ఉంటే డాక్టర్‌కు చూపించండి. కూర్చునేటప్పుడు గిటార్ తల భుజం ఎత్తుకు వచ్చేలా చూసుకోండి. నెక్ కిందికి వాలితే మణికట్టు బాగా వంగి, ముందు నొప్పెట్టేది అదే.