చైను సాగదు, అరుగుతుంది

సర్వీసుకు ఇచ్చిన మోటారు సైకిలును చూసి మెకానిక్ "చైను సాగిందండీ, సెట్టు మార్చేయాలి" అంటాడు. పొడవు పెరిగిన మాట నిజమే. కొత్త చైనునూ పాతదాన్నీ పక్కపక్కన వేలాడదీస్తే పాతది ఒక సెంటీమీటరో, ఇంకాస్త ఎక్కువో కిందికి దిగి ఉంటుంది. అయితే ఉక్కు పలకలు సాగడం వల్ల వచ్చిన పొడవు కాదది. పలకలు దాదాపు కొత్తలో ఉన్నట్లే ఉంటాయి. పెరిగింది వాటిని కలిపే కీళ్లలోని సందు. ఒక్కో కీలులో మిల్లీమీటరులో పదో వంతు లోహం అరిగితే చాలు, 118 లింకుల చైను దాదాపు 12 మిల్లీమీటర్లు పొడవవుతుంది. కిరోసిను, బ్రష్షు, నూనె డబ్బా పట్టుకుని మనం చేసే పనంతా ఈ పదో వంతు మిల్లీమీటరును కాపాడడానికే. చిక్కేమిటంటే అరుగుదల జరిగేది లోపల, మనం నూనె పూసేది పైన.

లింకును విప్పి చూస్తే సంగతి తెలుస్తుంది. రెండు బయటి పలకలు, వాటిని కలిపే పిన్నులు. రెండు లోపలి పలకలు, వాటిలో బిగుతుగా దిగగొట్టిన సన్నని గొట్టాలు. ఈ గొట్టాలనే బుష్‌లంటారు. వాటి మీద వదులుగా తిరిగేవి రోలర్లు. పిన్ను బుష్ లోపల, బుష్ రోలర్ లోపల ఉంటాయి. స్ప్రాకెట్, అంటే చైను ఎక్కి తిరిగే పళ్ల చక్రం. దాని పంటికి ఆనేది రోలర్ మాత్రమే. అది తిరిగిపోతుంది కాబట్టి అక్కడ రాపిడి తక్కువ. అసలు రాపిడి రెండు పొరల లోపల, పిన్నుకూ బుష్‌కూ మధ్య సాగుతుంది.

ఈ అమరికకు 1880లో పేటెంటు తీసుకున్నవాడు హాన్స్ రెనాల్డ్. స్విట్జర్లాండ్‌లో పుట్టి ఇంగ్లండ్‌లో స్థిరపడిన ఇంజినీరు. మాంచెస్టర్‌ను ఆనుకుని ఉన్న సాల్ఫర్డ్‌లో, బట్టల మిల్లుల యంత్రాలకు చైన్లు చేసే చిన్న కర్మాగారాన్ని 1879లో కొన్నాడు. అంతవరకు వాడుకలో ఉన్న చైన్లలో బుష్ ఉండేది కాదు. లాగే బలమంతా పలకల సన్నని అంచుల దగ్గర పిన్ను మీద పడేది, అక్కడ త్వరగా గాడి పడేది. రెనాల్డ్ గొట్టాన్ని చేర్చడంతో అదే బలం పిన్ను పొడవునా పరచుకుంది. మన బండికి నేడున్న చైను, ఉక్కు నాణ్యత పెరగడం తప్పిస్తే, మౌలికంగా అదే.

ఆ కీలు ఎంత పని చేస్తుందో లెక్క వేద్దాం. ముందు స్ప్రాకెట్‌కు 14 పళ్లు, వెనక 42 పళ్లు, చైను 428 సైజుది అనుకుందాం. ఈ సైజులో పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం 12.7 మిల్లీమీటర్లు, అంటే అర అంగుళం. బండి గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతుంటే చైను మొత్తం సెకనుకు మూడు చుట్లు తిరుగుతుంది. ప్రతి చుట్టులో ప్రతి కీలూ నాలుగు సార్లు కదులుతుంది: ముందు స్ప్రాకెట్ ఎక్కుతూ వంగుతుంది, దిగుతూ నిటారవుతుంది, వెనక స్ప్రాకెట్ దగ్గర మళ్లీ అంతే. వీటిలో రెండు కదలికలు ఇంజను లాగుతున్న పూర్తి బలం కింద జరుగుతాయి. గంట ప్రయాణంలో ఒక్కో కీలుకు దాదాపు 43 వేల కదలికలు. ముందు స్ప్రాకెట్ దగ్గర ఒక్కోసారి తిరిగే కోణం సుమారు 26 డిగ్రీలు, వెనక తొమ్మిది కూడా ఉండదు. చైనును ఎక్కువగా తినేది చిన్న స్ప్రాకెట్టే, అదేమో మూత వెనక దాక్కుని ఉంటుంది.

కందెన శాస్త్రానికి గణిత పునాది పడిన చోటు కూడా మాంచెస్టరే కావడం ఒక విశేషం. 1883లో బోషాంప్ టవర్ అనే ఇంజినీరు రైలు ఇరుసుల బేరింగుల మీద ప్రయోగాలు చేస్తూ, నూనె పోయడానికి బేరింగు పైభాగంలో రంధ్రం వేశాడు. ఇరుసు తిరగగానే నూనె ఆ రంధ్రంలోంచి పైకి ఉబికింది. బిరడా బిగిస్తే బిరడా బయటికి వచ్చేసింది. లోపల నూనె పొరలో అంత పీడనం పుడుతున్నదన్నమాట. ఎందుకు పుడుతున్నదో 1886లో గణితంతో నిరూపించినవాడు మాంచెస్టర్‌లో ప్రొఫెసరుగా ఉన్న ఆస్బోర్న్ రేనాల్డ్స్. చైను రెనాల్డ్‌కూ ఈ రేనాల్డ్స్‌కూ పేర్ల పోలిక తప్ప చుట్టరికం లేదు. తిరిగే ఇరుసు తనతో పాటు నూనెను ఇరుకు సందులోకి ఈడ్చుకుపోతుంది. అలా ఇరుక్కున్న నూనె ఇరుసును బేరింగు నుంచి పైకెత్తి పట్టుకుంటుంది. లోహానికి లోహం తగలదు. కారు ఇంజనులో క్రాంక్ షాఫ్టు బేరింగులు ఏళ్ల తరబడి మన్నేది ఇందుకే.

చైను కీలుకు ఈ అదృష్టం లేదు. పిన్ను గిర్రున తిరగదు. 26 డిగ్రీలు ఊగి, ఆగి, వెనక్కి ఊగుతుంది. నూనె పొర పీడనం పుంజుకునే లోపే కదలిక ఆగిపోతుంది. కాబట్టి లోహాలు రెండూ దాదాపు తగులుకునే ఉంటాయి. వాటి మధ్య మిగిలేది లోహానికి అంటిపెట్టుకున్న అతి పలుచని రసాయన పొర. చాలా బండ్ల మాన్యువళ్లు చైనుకు 90 గ్రేడు గేర్ ఆయిల్ వేయమనడానికి ఒక కారణం ఇక్కడుంది. అది చిక్కగా ఉండి త్వరగా చిమ్మిపోదు. పైగా దానిలో కలిపే గంధకం, భాస్వరం సమ్మేళనాలు ఒత్తిడికి వేడెక్కిన ఉక్కుతో చర్య జరిపి ఒక పొరను కడతాయి. ఉక్కుకు బదులు ఆ పొర అరుగుతుంది, మళ్లీ ఏర్పడుతుంది.

ఇక మట్టి. హైదరాబాద్ చుట్టుపక్కల, తెలంగాణలో చాలా మేర నేల కింద ఉన్నది గ్రానైటు. గ్రానైటు శిథిలమయ్యేటప్పుడు దానిలోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం మెత్తబడి బంకమన్నుగా మారుతుంది గానీ క్వార్ట్జ్ అనే మరో ఖనిజం మారదు, ఇసుక రేణువులుగా మిగిలిపోతుంది. రోడ్డు ధూళిలో ఎగిరేవాటిలో ఇవే ముఖ్యం. క్వార్ట్జ్ రేణువు చైను ఉక్కును గీకగలిగేంత గట్టిది. పెద్ద రేణువులతో పేచీ లేదు, అవి కీలులోకి దూరలేవు. పట్టి చూస్తే పౌడరులా తగిలే సన్నని దుమ్ము నూనెతో పాటు లోపలికి జారుకుంటుంది. వాల్వులు అరగదీయడానికి మెకానిక్‌లు వాడే గ్రైండింగ్ పేస్టు కూడా గట్టి రేణువులు కలిపిన గ్రీజే. నల్లగా జిడ్డు కట్టిన చైను మీద ఉన్న ముద్ద అచ్చం అటువంటిది: ధూళి, పాత నూనె, చైను నుంచే రాలిన ఇనుప పొడి. దాన్ని తీయకుండా పైన కొత్త నూనె పోస్తే ఆ ముద్దను పలుచన చేసి లోపలికి పంపినట్లే. అంతకంటే ఊరుకోవడం మేలని నా అభిప్రాయం.

నూనె వేస్తే మైలేజీ పెరుగుతుందనే మాటను మాత్రం నేను పెద్దగా నమ్మను. 1999లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ స్పైసర్ బృందం సైకిలు చైన్ల సామర్థ్యాన్ని ప్రయోగశాలలో కొలిచింది. అనుకూల పరిస్థితుల్లో చైను 98.6 శాతం శక్తిని చక్రానికి అందించింది. నూనె ఉన్నా లేకపోయినా చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అవి శుభ్రమైన గదిలో తిరిగిన సైకిలు చైన్లు, నిజమే. అయినా నూనె మొదటి పని శక్తిని ఆదా చేయడం కాదనీ, లోహాన్ని ఆదా చేయడమనీ, తుప్పునూ ధూళినీ కీలు బయట ఆపడమనీ దీన్నిబట్టి అనుకోవచ్చు. ఉప్పుగాలి తగిలే విశాఖ, కాకినాడ వంటి ఊళ్లలో తుప్పు సంగతి ఇంకా ముఖ్యం. వాన తగ్గాక తడి చైనును అలాగే వదిలేస్తే తెల్లారేసరికి ఎర్రబడుతుంది.

శుభ్రం చేయడానికి కిరోసిను మంచిది. జిడ్డును కరిగిస్తుంది, రబ్బరును పెద్దగా బాధించదు. పెట్రోలు వద్దు. అది సున్నాకు దిగువన 40 డిగ్రీల చలిలో కూడా అంటుకునేంత ఆవిరినిస్తుంది, రబ్బరు రింగుల్ని ఉబ్బించి పాడుచేస్తుంది. కిరోసిను ఆవిరి అంటుకునే స్థాయి 38 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో నీడపట్టునే 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి. అటువంటప్పుడు కిరోసిను కూడా పెట్రోలు లాంటిదేనని గుర్తుంచుకుని, పొద్దునే ఈ పని పెట్టుకోవాలి. మెత్తని బ్రష్షుతో పలకల మధ్య రుద్ది, గుడ్డతో తుడిచి, ఆరనివ్వాలి. ఒత్తిడితో కొట్టే నీటి గొట్టం చైను జోలికి రాకూడదు, అది మట్టిని కీలులోకి నెడుతుంది.

చక్రాన్ని చేత్తోనే తిప్పాలి. సెంటర్ స్టాండు వేసి, ఇంజను స్టార్ట్ చేసి, గేరులో పెట్టి తిరుగుతున్న చైనుకు గుడ్డ పట్టేవాళ్లున్నారు. గుడ్డ అంచు ఒక్కసారి పంటికి చిక్కితే వేళ్లు స్ప్రాకెట్ దగ్గరికి చేరడానికి రెప్పపాటు కూడా పట్టదు. వేళ్లు తెగిన సంఘటనలు నిజంగానే ఉన్నాయి. తాళం చెవి బండికి ఉండనివ్వకపోవడం మేలు.

నూనె వేయాల్సిన వేళ ప్రయాణానికి ముందు కాదు, తిరిగొచ్చాక. వెచ్చగా ఉన్న చైనులో నూనె పలుచబడి సన్నని సందుల్లోకి తనంతట తానే పాకుతుంది. దీపం వత్తిలో నూనె ఎక్కించే కేశనాళిక చర్యే ఇక్కడా పనిచేస్తుంది. చైను కింది వరుసకు లోపలివైపు నుంచి, లోపలి పలకా బయటి పలకా కలిసే అంచు మీద, బొట్టు బొట్టుగా వేయాలి. తిరిగేటప్పుడు నూనె బయటికి నెట్టబడుతుంది కాబట్టి లోపలి నుంచి వేస్తే కీలును దాటుకుంటూ పోతుంది. రాత్రంతా వదిలేసి పొద్దున పైన మిగిలినదంతా తుడిచేయాలి. తుడవడం చాలామందికి మనసొప్పదు, చైను నిగనిగలాడుతుంటే బాగున్నట్లుంటుంది. ఆ నిగనిగ ధూళికి ఆహ్వానం, తర్వాత చొక్కా మీద మరకలు. స్ప్రే వాడేవారికి రాత్రంతా ఆగడం ఇంకా అవసరం. దానిలోని ద్రావకం కందెనను లోపలికి మోసుకెళ్లి ఆవిరైపోవాలి, ఆ తర్వాతే అది చిక్కబడుతుంది. టైరుకూ, బ్రేకు డిస్కుకూ తగలకుండా చూసుకోవాలి.

గ్రీజు పైపైన పూస్తే కీలులోకి దిగదు. ఇంజను నుంచి తీసిన నల్ల నూనె ఉచితంగా దొరుకుతుంది గానీ దానిలో మసి, ఆమ్లాలు, సన్నని లోహపు పొడి ఉంటాయి. మరొకటి, నీలం డబ్బాలో వచ్చే డబ్ల్యూడీ-40. 1953లో అమెరికాలో రాకెట్ పరిశ్రమ కోసం, తేమను తరిమి తుప్పును ఆపడానికి చేసిన ద్రవం అది. జిడ్డు వదిలించడానికి పనికొస్తుంది. కందెనగా మాత్రం చైను మీద నిలవదు.

గ్రీజు సంగతిలో పూర్వం బ్రిటన్ మోటారు సైకిలు వాళ్లు తెలివైన పని చేసేవారు. గ్రాఫైటు కలిపిన గ్రీజు డబ్బాను పొయ్యి మీద కరిగించి, విప్పిన చైనును అందులో ముంచేవారు. కీళ్లలోని గాలి బుడగలై పైకి వచ్చేది, పలుచబడిన గ్రీజు ఆ చోటులోకి చేరేది, చల్లారాక అక్కడే గడ్డకట్టేది. ఆ పనినే ఫ్యాక్టరీలో చేసి, బయటికి పోకుండా రెండు పలకల మధ్య రబ్బరు రింగు బిగిస్తే అది నేటి ఓ-రింగ్ చైను. 1970లలో మొదలైన ఈ రకం ఇప్పుడు ఎక్కువ సామర్థ్యపు బండ్లలో విరివిగా కనిపిస్తుంది. దీని పిన్నుకు మన నూనె చేరనే చేరదు, చేరనక్కర్లేదు. నూనె కావలసింది రోలర్లకూ, ఎండిపోకుండా రింగులకూ. వైరు బ్రష్షుతో గీకితే రింగులు తెగి, లోపలి గ్రీజు కారిపోయి, ఖరీదైన చైను మామూలు చైను కంటే అన్యాయంగా అరుగుతుంది. మన రోజువారీ వంద సీసీ బండ్లలో ఈ రింగులు సాధారణంగా ఉండవు. బదులుగా చాలావాటికి చైనును పూర్తిగా మూసే రేకు డబ్బా ఉంటుంది. చూడడానికి అందంగా ఉండదని దాన్ని పీకించేసేవాళ్లను చూస్తే జాలేస్తుంది.

బిగింపు గురించి ఒక మాట. వెనక చక్రం గుంతలో పైకీ కిందికీ కదిలేటప్పుడు ముందు స్ప్రాకెట్‌కూ దానికీ మధ్య దూరం మారుతుంది, వెనక చక్రాన్ని మోసే స్వింగ్ ఆర్మ్ ఇరుసూ స్ప్రాకెట్ ఇరుసూ ఒకే చోట ఉండవు కాబట్టి. ఆ మార్పుకు చైనులో వదులు ఉండాలి. చాలా చిన్న బండ్లకు చైను పైకీ కిందికీ ఆడే మేర 20 నుంచి 30 మిల్లీమీటర్లు చెబుతారు, మీ బండి మాన్యువల్లో ఉన్నదే ప్రమాణం. మరీ బిగిస్తే గుంత పడిన ప్రతిసారీ గేర్‌బాక్స్ బేరింగు మీద దెబ్బ పడుతుంది. చైను అన్నిచోట్లా సమానంగా అరగదు, అందువల్ల చక్రాన్ని తిప్పుతూ నాలుగైదు చోట్ల చూసి, అతి బిగుతుగా ఉన్న చోటే కొలత తీసుకోవాలి.

మార్చాల్సిన వేళ తెలుసుకోవడానికి వెనక స్ప్రాకెట్ చివరి భాగాన చైనును పట్టి వెనక్కి లాగండి. పంటిలో సగం దాకా బయటపడితే దాని పని అయిపోయింది. అరిగిన చైనులో లోపలి లింకు పొడవు మారదు, పెరుగుదలంతా బయటి లింకుల్లోనే చేరుతుంది. రోలర్లు పంటి పైకి ఎక్కి, భారమంతా కొన్ని పళ్లమీదే పడి, పళ్లు కొక్కేల్లా వంగినట్లు అరుగుతాయి. లింకులు దాదాపు ఎప్పుడూ సరి సంఖ్యలోనే ఉంటాయి కాబట్టి, స్ప్రాకెట్ పళ్లూ సరి సంఖ్యైతే ఒక పంటికి ఎప్పుడూ లోపలి లింకే, పక్కదానికి ఎప్పుడూ బయటి లింకే ఎదురవుతుంది. 15 పళ్లవంటి బేసి స్ప్రాకెట్‌లో ఆ భారం అన్నింటికీ మారుతూ వస్తుంది. అరిగిన పళ్లమీద కొత్త చైను వేస్తే రెండూ కలిసి త్వరగా పోతాయి. చైనూ రెండు స్ప్రాకెట్లూ, మూడూ ఒకేసారి మార్చమని మెకానిక్ అనేది లాభం కోసమే కాదు. బిగించాక, చైను రెండు కొసలను కలిపే లింకుకు ఉండే లాక్ క్లిప్పును ఒకసారి చూసుకోండి. దాని మూసి ఉన్న కొన చైను పరిగెత్తే దిక్కుకు ఉండాలి, తెరిచి ఉన్న కొన వెనక్కి. తిరగేసి పెడితే ఏ రాయో పుల్లో తగిలి క్లిప్పు ఊడే అవకాశం ఉంది.