పాత టూస్ట్రోక్ బండికి ఎన్ని పళ్ల స్ప్రాకెట్? కొన్ని అపోహలు - వాస్తవాలు

"అన్నా, ముంగట ఒక పన్ను ఎక్కువది ఎయ్యి, మైలేజీ వస్తదంట." నల్లగొండలో నా షెడ్డుకు వచ్చేవాళ్లలో చాలామంది మాట ఇదే. యమహా వాళ్ల టూస్ట్రోక్ బండి ఆర్‌ఎక్స్ 100 తయారీ 1996లోనే ఆగిపోయింది. అయినా ఈ చుట్టుపక్కల ఊళ్లల్లో ఆ బండి ఇంకా పాలకు, పొలానికి, పెళ్లిళ్లకు తిరుగుతూనే ఉంది. అన్నేళ్ల బండి ఎందరి చేతులో మారి ఉంటుంది. స్ప్రాకెట్ అంటే చైన్ ఎక్కే పళ్ల చక్రం; ముందు ఇంజన్ దగ్గర ఒకటి, వెనుక చక్రానికి ఒకటి ఉంటాయి. దానికి ఇప్పుడున్న స్ప్రాకెట్ కంపెనీదేనని అనుకోవద్దు. ముందుగా కవర్ విప్పి పళ్లు లెక్కపెట్టండి. ఆ తర్వాతే మిగతా మాట.

లెక్క సులువే. వెనుక పళ్లను ముందు పళ్లతో భాగించాలి. ముందు 14, వెనుక 36 ఉన్నాయనుకుందాం. 36ను 14తో భాగిస్తే 2.57. ఈ అంకె పెరిగితే లాగుడు పెరుగుతుంది, అదే స్పీడుకు ఇంజన్ ఎక్కువ తిరుగుతుంది. తగ్గితే ఇంజన్ తక్కువ తిరుగుతుంది, లాగుడు పడిపోతుంది.

అపోహ: వెనుక పెద్ద స్ప్రాకెట్ వేస్తే ఇంజన్ పవర్ పెరుగుతుంది.

పెరగదు. ఆర్‌ఎక్స్ 100కు 98 సీసీ, 7500 ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర 11 బీహెచ్‌పీ పవర్. ఏ స్ప్రాకెట్ వేసినా అంతే. చక్రం దగ్గర లాగే బలం పెరిగిందంటే, అంత మేరకు స్పీడు వదులుకున్నట్టే.

అపోహ: ముందు పన్ను పెంచితే మైలేజీ, టాప్ స్పీడు రెండూ వస్తాయి.

ఎక్కువ బండ్లు పాడయ్యేది ఈ నమ్మకంతోనే, అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెప్తాను. టూస్ట్రోక్ ఇంజన్ అన్ని ఆర్‌పీఎంలలో ఒకే తీరుగా లాగదు. సిలిండర్‌లోకి వచ్చే పచ్చి పెట్రోల్ మిశ్రమంలో కొంత సైలెన్సర్‌లోకి జారిపోతుంది. సైలెన్సర్ లోపలి ఆకారం నుంచి తిరిగొచ్చే ఒత్తిడి అల దాన్ని మళ్లీ సిలిండర్‌లోకి నెడుతుంది. ఆ అల సరైన క్షణానికి తిరిగొచ్చేది కొన్ని ఆర్‌పీఎంల మధ్యనే. రేసు ఒక దగ్గరికి వచ్చాక బండి ఒక్కసారిగా అందుకుని ఉరుకుతుందే, అది అక్కడే. అంతకన్నా కింద నడిపితే జారిపోయిన పెట్రోల్ పొగతో పాటు బయటికి పోతుంది. అంటే ఇంజన్ నెమ్మదిగా తిరుగుతున్నంత మాత్రాన పెట్రోల్ మిగిలినట్టు కాదు. ఖాళీ హైవే మీద ఒక్కరే, గాలి ఎదురు లేకుండా పోతే కొంచెం మిగలొచ్చు. ఇద్దరు ఎక్కి, వెనుక బత్తాయి మూట కట్టి పోతే మాత్రం మాటిమాటికీ మూడో గేరుకు దిగాల్సిందే. అప్పుడు ఉన్న మైలేజీ కూడా పోతుంది.

టాప్ స్పీడు సంగతీ ఇంతే. స్పీడు పెరిగేకొద్దీ గాలి అడ్డుకునే బలం స్పీడు వర్గంతో పెరుగుతుంది. దాన్ని తోసుకుపోవడానికి కావలసిన పవర్ ఘనంతో పెరుగుతుంది. నాలుగో గేరులో ఇంజన్ 7500 దాకా చేరలేకపోతుంటే, ముందు పన్ను పెంచితే టాప్ ఇంకా తగ్గుతుంది.

నేను కూడా ఈ తప్పు చేశాను. షెడ్డు పెట్టిన కొత్తలో దేవరకొండ వైపు పల్లె నుంచి పాల క్యాన్లు తెచ్చే రైతు అడిగితే 14 తీసి 15 వేశాను. మట్టిదారి ఎత్తు మీద ఆయన క్లచ్ సగం పట్టి రేసు ఇచ్చి లాగాల్సి వచ్చింది. రెండు నెలల్లో క్లచ్ ప్లేట్లు కాలిపోయాయి. కొత్త ప్లేట్లకు ఆయన దగ్గర డబ్బులు తీసుకోలేదు, తప్పు నాది. ఏ రోడ్డు, ఎంత బరువు అని అడగకుండా అప్పటి నుంచి స్ప్రాకెట్‌కు చెయ్యి పెట్టను.

మీరే చూసుకోవడానికి ఒక పద్ధతి ఉంది. రోజూ మోసే బరువుతోనే, నాలుగో గేరులో 50 మీద పోతూ చిన్న ఎత్తు ఎక్కండి. గేరు తగ్గించకుండా ఎక్కితే మీ పళ్లు సరిగ్గానే ఉన్నాయి. గునుస్తూ స్పీడు పడిపోతుంటే, ఇంజన్ కండిషన్ బాగున్నప్పటికీ, వెనుక రెండు మూడు పళ్లు పెంచొచ్చు.

అపోహ: ముందు ఒక పన్ను, వెనుక ఒక పన్ను సమానం.

ముందు 14 నుంచి 13కు దిగితే అంకె 2.77 అవుతుంది. వెనుక 36 నుంచి 39కి పెంచితే 2.79. అంటే ముందు ఒక పన్ను వెనుక సుమారు మూడు పళ్లతో సమానం. ముందుది చవక, అరగంట పని. అయినా నేను వెనుకవైపే మారుస్తాను. ముందు స్ప్రాకెట్ చిన్నదయ్యేకొద్దీ చైన్ ఎక్కువగా వంగుతుంది, త్వరగా అరుగుతుంది, కుదుపు కూడా పెరుగుతుంది.

టైరు కూడా ఈ లెక్కలోకే వస్తుంది. 2.75-18 తీసి 3.00-18 వేస్తే చుట్టుకొలత సుమారు రెండు శాతం పెరుగుతుంది. వెనుక ముప్పావు పన్ను తగ్గించినంత పని అది.

అపోహ: స్ప్రాకెట్ మారిస్తే మీటర్ తప్పు చూపిస్తుంది.

మీటర్ కేబుల్ ముందు చక్రం నుంచి వస్తే ఏమీ మారదు. గేర్‌బాక్స్ నుంచి వచ్చే బండ్లలోనే తేడా వస్తుంది.

అపోహ: లాగుడు ఎక్కువున్న బండి ఘాట్‌లో ఎక్కడానికీ దిగడానికీ మంచిది.

ఎక్కడానికి నిజమే. మన్ననూరు దాటి శ్రీశైలం డ్యామ్ వైపు దిగేటప్పుడు మాత్రం జాగ్రత్త. పెట్రోల్‌లో ఆయిల్ కలిపి నడిపే బండిలో, రేసు మూసి గేరులోనే దిగితే ఇంజన్ బాగా తిరుగుతుంది కానీ లోపలికి పెట్రోల్ దాదాపు రాదు, దాంతో ఆయిలూ దాదాపు రాదు. వెనుక పళ్లు ఎక్కువైతే ఇంకా ఎక్కువ తిరుగుతుంది. పిస్టన్ పట్టేసే ప్రమాదం ఇక్కడే. మధ్యమధ్యలో కొంచెం రేసు ఇస్తూ, బ్రేకులు వాడుతూ దిగండి.

అపోహ: స్ప్రాకెట్ మార్చినా పాత చైనే నడుస్తుంది.

వెనుక మూడు పళ్లు పెరిగితే, పాత చైన్‌తో వెనుక చక్రం దాదాపు 9.5 మిల్లీమీటర్లు ముందుకు జరగాలి. అడ్జస్టర్‌లో అంత చోటు లేకపోతే చైన్ బిగుసుకుంటుంది. బిగుసుకున్న చైన్ గేర్‌బాక్స్ బేరింగ్‌ను తినేస్తుంది. సాగిన పాత చైన్ అయితే కొత్త పళ్లను అరగదీస్తుంది. 428 చైన్‌లో పిన్ను నుంచి పిన్నుకు 12.7 మిల్లీమీటర్లు. చైన్‌ను బిగువుగా లాగి పట్టి 21 పిన్నులు లెక్కపెట్టి, మొదటి పిన్ను మధ్య నుంచి చివరి పిన్ను మధ్య దాకా స్కేలు పెట్టండి. కొత్తదైతే 254 ఉంటుంది. 259 చూపిస్తే పళ్ల లెక్క పక్కన పెట్టి, ముందుగా చైన్ సెట్ (చైన్, రెండు స్ప్రాకెట్లు) మొత్తం మార్పించుకోండి.