బాలి బొమ్మలు: అపోహలు - వాస్తవాలు

నేను కలంకారీ వేస్తాను. బాలి దీవిలో కమాసన్ అనే ఊళ్లో కొన్నాళ్లు ఉండి వాయాంగ్ (అక్కడి తోలుబొమ్మలాట) పద్ధతి బొమ్మలు వేయడం నేర్చుకున్నాను. తిరిగొచ్చాక మనవాళ్లు అడిగేవి విని ఇది రాయాలనిపించింది.

అపోహ: అవన్నీ మన రామాయణ భారతాలకు కాపీలే.

వాస్తవం: కమాసన్ పక్కనే క్లుంకుంగ్‌లో కెర్త గోస అనే పాత న్యాయమండపం ఉంది. దాని పైకప్పు మీద పాండురాజు, మాద్రి ఆత్మల్ని విడిపించడానికి భీముడు యమలోకానికి వెళ్లిన కథ వరసలు వరసలుగా గీసి ఉంటుంది. వ్యాస భారతంలో ఇది లేదు. చనిపోయిన పెద్దల ఆత్మలకు దారి చూపించడం బాలివాళ్లకు ఎంత ముఖ్యమో అక్కడి దహన సంస్కారం ఒక్కసారి చూసినా తెలుస్తుంది, భీముణ్ణి వాళ్లు ఆ పనికే పంపారు. అతని వెంట త్వాలెన్ అనే బానపొట్ట సేవకుడు ఉంటాడు. మన తోలుబొమ్మలాటలో జుట్టుపోలిగాడిలాగే నవ్విస్తాడు, కానీ శివుడికి అన్నగారే ఈ రూపంలో వచ్చాడని అక్కడి నమ్మకం. ఆటలో రాజులు ‘కవి’ అనే పాత జావా భాషలో మాట్లాడితే జనానికి బాలి భాషలో విడమరిచి చెప్పేది కూడా అతనే. నాకు అన్నిటికంటే నచ్చిన పాత్ర ఇతనే.

అపోహ: వందల ఏళ్లుగా ఏమీ మారలేదు.

వాస్తవం: ఆ పైకప్పు బొమ్మలు ఒకప్పుడు గుడ్డ మీద ఉండేవి, ఇప్పుడున్నవి 20వ శతాబ్దంలో రేకుల మీద మళ్లీ గీసినవి. టూరిస్టులు పురాతనం అనుకునే కెచక్ నృత్యం కూడా ఇప్పుడున్న రూపంలో 1930లలో వచ్చిందే, దాని మూలం మాత్రం పూనకం వచ్చే పాత సాంగ్‌హ్యాంగ్ క్రతువు. పాడైతే మళ్లీ గీయడం అక్కడ మామూలు. మనం గుడ్డను కరక్కాయ, పాలలో నానబెట్టినట్టే వాళ్లు బియ్యపు గంజి పట్టించి, ఎండాక గవ్వతో రుద్ది నునుపు చేస్తారు. ఆ రుద్దడానికే నా చేతులు పడిపోయేవి.

అపోహ: ఈ తరం పిల్లలకు ఇవేవీ పట్టవు.

వాస్తవం: ఇంచుమించు మన ఉగాది రోజుల్లోనే వాళ్ల శక సంవత్సరాది న్యెపి వస్తుంది. ముందు రోజు సాయంత్రం పేటపేటకూ కుర్రాళ్లు తాము కట్టిన ఓగో-ఓగో భూతాలను ఊరేగిస్తారు. ఇది 1980ల నుంచి బాగా పెరిగింది. నెలల తరబడి చేసినవాటిలో చాలావాటిని ఊరేగింపు అయ్యాక కాల్చేస్తారు.

అపోహ: షాపులో కొన్న రంగ్‌డా (బాలి కథల్లోని మంత్రగత్తె) ముఖాన్ని ఇంట్లో పెడితే శక్తి వస్తుంది.

వాస్తవం: గుడి కోసం చేసే ముఖానికి పులె చెట్టు కొయ్య కావాలి, మంచిరోజు చూసి కొడతారు, చివర పసుపతి క్రతువు జరిపి ప్రాణం పోస్తారు. ఇవేవీ జరగనిది అందమైన కొయ్య ముఖం. నచ్చితే నిక్షేపంగా కొనుక్కోండి, చెక్కినవాళ్ల ఇల్లు గడుస్తుంది.