మెడికల్ పదాలకు బొమ్మలు: అపోహలు - వాస్తవాలు

అపోహ: మెడికల్ పదాలు గుర్తుపెట్టుకోవడానికి గీసే బొమ్మ అందంగా వస్తేనే ఉపయోగం.

వాస్తవం: నర్సింగ్ ఫస్టియర్‌లో పిల్లల్ని ఎక్కువగా ముంచేది ఈ మాటే. "నాకు బొమ్మలు రావు మేడమ్" అనేవాళ్లు పెన్సిలే ముట్టరు. వచ్చినవాళ్లేమో అట్లాస్ (శరీర భాగాల బొమ్మల పుస్తకం) ముందు పెట్టుకుని, షేడింగ్ చేసి, రంగులు దిద్ది సాయంత్రమంతా ఒక్క కిడ్నీతోనే గడిపేస్తారు. మర్నాడు పుస్తకం మూయించి నెఫ్రాన్ (కిడ్నీలో రక్తాన్ని వడగట్టే సన్నని గొట్టం) గీయమంటే, పీసీటీ అనే మొదటి మెలికల భాగం తర్వాత చెయ్యి ఆగిపోతుంది. చూసి గీసినంతసేపూ పేర్లన్నీ కళ్లముందే ఉంటాయి, ఇక గుర్తు తెచ్చుకునే పనేముంది? పుస్తకం మూసి, గుర్తున్నంత గీసి, పేర్లు రాయండి. తర్వాత తెరిచి, తప్పులు ఎర్రపెన్నుతో దిద్దుకోండి. గీతలు వంకరైనా ఫర్వాలేదు.

కెనడాలోని వాటర్లూ యూనివర్సిటీ పరిశోధకులు 2016లో ప్రచురించిన ప్రయోగాల్లో, పదాన్ని పదేపదే రాసినవారి కంటే దానికి బొమ్మ గీసినవారికే ఎక్కువ పదాలు గుర్తున్నాయి. ఒక్కో బొమ్మకు 4 సెకన్లే ఇచ్చినా ఆ తేడా పోలేదు. 4 సెకన్లలో ఎవరు మాత్రం అందంగా గీస్తారు? అవి మామూలు పదాలే, మెడికల్ పదాలు కావు. అయినా క్లాసులో నాకు కనిపించేదీ అదే.

తెలుగు మీడియం నుంచి వచ్చిన ఒకమ్మాయి, ఆపరేషన్ల పేర్ల చివర వచ్చే ఆటమీ, ఎక్టమీ, ఆస్టమీ కలగాపులగమై ఏడుపు ముఖంతో వచ్చింది. "టెన్షన్ పడకమ్మా, మూడు పేగులు గియ్యి" అన్నాను. ఒకదానికి కోత పెట్టించాను, ఆటమీ. రెండోదాంట్లో ఒక ముక్క కోసి తీసేయించాను, ఎక్టమీ. మూడోదాని కొసను పొట్ట చర్మం మీదికి తెరిపించాను, ఆస్టమీ. తను గీసిన పేగు అచ్చం సొరకాయే! కానీ వార్డులో కొలాస్టమీ బ్యాగ్ (పొట్ట మీద తెరిచిన పెద్దపేగు నుంచి మలం పడే సంచి) చూసినప్పుడు మిగతావాళ్లకు వివరించింది ఆ అమ్మాయే.

"గీయడం టైమ్ వేస్ట్, బట్టీ పడితే పాస్" అని సీనియర్లు వాట్సాప్‌లో పెట్టేవి దయచేసి నాకు పంపకండి. రంగులు ఎన్ని ఎక్కువైతే అంత మంచిదనేదీ ఉత్తిదే. ఆర్టరీకి (ధమని) ఎరుపు, వెయిన్‌కు (సిర) నీలం, నర్వ్‌కు (నరం) పసుపు చాలు. గుండె నుంచి ఊపిరితిత్తులకు వెళ్లే పల్మనరీ ఆర్టరీకి మాత్రం నీలం వేయాలి, అందులో ఆక్సిజన్ తక్కువ రక్తం కదా.

బొమ్మ వస్తే స్పెల్లింగ్ అక్కర్లేదనుకోవద్దు. పలకడానికి రెండూ ఇలియమే. ఇంగ్లిష్ స్పెల్లింగ్ మధ్యలో 'ఈ' ఉంటే (ileum) చిన్నపేగు చివరి భాగం, 'ఐ' ఉంటే (ilium) తుంటి ఎముక పైభాగం. బొమ్మ కిందే ఇంగ్లిష్‌లో పేరు రాసుకోండి.