సూదికి కరెంటు తోడైన కథ

మోకాళ్ల నొప్పులకో, సయాటికాకో ఆక్యుపంక్చర్ చేయించుకుంటే కొన్నిచోట్ల సూదులు గుచ్చి ఊరుకోరు. పక్కన చిన్న పెట్టె ఉంటుంది. దాని తీగల చివరి క్లిప్పులను సూదుల పిడులకు తగిలించి నాబ్ మెల్లగా తిప్పుతారు. కండ టక్‌టక్‌మని అదురుతుంది. దీన్నీ వేల ఏళ్ల చైనా వైద్యమనే అనుకుంటాం. సూది సంగతి సరే, ఆ కరెంటుకు అంత వయసు లేదు. పైగా దాని తొలి అడుగులు చైనాలో పడలేదు.

ఫ్రాన్స్‌లో లూయీ బెర్లియోజ్ అనే డాక్టర్, సంగీతకారుడు హెక్టర్ బెర్లియోజ్ తండ్రే, 1816లో తన ఆక్యుపంక్చర్ అనుభవాలను అచ్చువేస్తూ సూదికి విద్యుత్తు కూడా జోడించవచ్చని రాశాడు. 1825 నాటికి సార్లాండియేర్ అనే మరో ఫ్రెంచి డాక్టర్ ఆ పని చేసి, గౌట్‌కూ కీళ్లవాతానికీ నరాల బాధలకూ వాడానని ప్రకటించాడు. ఆ మోజు కొన్నాళ్లకే చల్లారింది.

చైనాలో కరెంటు అవసరం మరో దారిలో వచ్చింది. 1958లో షాంఘైలో సూదులతో నొప్పి అణచి టాన్సిల్స్ ఆపరేషన్ చేశారు. అలాంటి ఆపరేషన్లలో ఎవరో ఒకరు సూదిని వేళ్లతో తిప్పుతూనే ఉండాలి. గంటలకొద్దీ ఎవరు తిప్పగలరు? ఆ చాకిరీని మెషీన్‌కు అప్పజెప్పారు.

1971 జూలైలో అమెరికా జర్నలిస్ట్ జేమ్స్ రెస్టన్‌కు బీజింగ్‌లో అపెండిక్స్ తీశారు. సూదులతోనే ఆపరేషన్ చేశారని ఇప్పటికీ చెప్పుకుంటారు, అది తప్పు. కోసింది మామూలు మత్తు ఇంజెక్షన్ ఇచ్చే. తర్వాత కడుపు ఉబ్బరంగా ఉంటే మోచేతి దగ్గర, మోకాళ్ల కింద సూదులు పెట్టారు. ఆయన రాసిన కథనంతో అమెరికాలో ఆసక్తి రాజుకుంది. ఆ తర్వాత ఏడాదికే హాంకాంగ్‌లో న్యూరోసర్జన్ వెన్ నొప్పి కోసం సూదులకు కరెంటు పెడితే, నల్లమందుకు అలవాటుపడిన రోగి ఒకరు మత్తు మీద యావ తగ్గిందన్నాడు. ఎవరూ ఎదురుచూడని ఫలితం!

నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది బీజింగ్‌లో హాన్ జీషెంగ్ అనే శాస్త్రవేత్త చేసిన పని. ఆక్యుపంక్చర్ చేసిన కుందేలు మెదడు ద్రవాన్ని ఇంకో కుందేలుకు ఎక్కిస్తే, సూదే తగలని దానికీ నొప్పి తట్టుకునే శక్తి పెరిగింది. అంటే ఒంట్లో ఏదో మందు ఊరుతోంది. అది ఒళ్లే తయారుచేసుకునే నొప్పి మందులైన ఎండార్ఫిన్ల కుటుంబమని తేలాక కరెంటు విలువ తెలిసింది. చేత్తో తిప్పడం డాక్టరుకో తీరు, మెషీన్‌కైతే అంకె ఉంటుంది. కరెంటు సెకనుకు 2 సార్లు కొడితే ఆ కుటుంబంలోని ఎన్‌కెఫాలిన్, 100 సార్లు కొడితే డైనార్ఫిన్ ఎక్కువగా విడుదలవుతాయని హాన్ బృందం చూపింది. నాడుల్లో 'చీ' అనే ప్రాణశక్తి ప్రవహిస్తుందన్న చైనా వైద్యం మాటను కొలవలేం, సెకనుకు ఎన్నిసార్లో చెప్పే హెర్ట్జ్‌ను కొలవొచ్చు.

అలాగని వాదన తెగిపోలేదు. మణికట్టు దగ్గర నరం నలిగి వేళ్లు తిమ్మిరెక్కే కార్పల్ టనెల్ మీద 2017లో 80 మందితో చేసిన అమెరికా పరీక్షనే చూడండి. ఉత్తుత్తి సూదులు పెట్టినవాళ్లూ బాధ తగ్గిందన్నారు. కానీ నరంలో సంకేతం వేగం మెరుగుపడింది మాత్రం నిజం సూదులకు కరెంటు ఇచ్చినవాళ్లలోనే.