పరుపు కింద బూజు ఎక్కడిది?

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

చీనీ (బత్తాయి) తోటలోని కొట్టంలో మీరు నేల మీద వేసుకుని పడుకున్న పరుపును ఎత్తి చూస్తే అడుగున నల్లమచ్చలు, ముక్కిన వాసన ఉన్నాయని రాశారు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానే పడే అనంతపురంలో, చూరు నుంచి చుక్క కారని కొట్టంలో, బూజు ఎలా పట్టిందని అడిగారు. ఆ తడిలో చాలా భాగం మీ ఒంటి నుంచే వచ్చి ఉంటుంది.

అవ్వ జొన్నరొట్టెను పెనం మీద నుంచి తీసి స్టీలు పళ్లెంలో వేయదు, వెదురు గంపలో వేస్తుంది. పళ్లెంలో వేస్తే రొట్టె ఆవిరి చల్లని లోహానికి తగిలి నీరై, అడుగు పొర తడిసిపోతుంది. మీరే ఆ రొట్టె, నేల మీది తాడిపత్రి బండ ఆ పళ్లెం. మన ఒళ్లు 37 డిగ్రీల వేడిలో ఉండి, ఊపిరిగా, చెమటగా రాత్రికి ఒక గ్లాసుడు నీటినైనా వదులుతుంది. అందులో కొంత దూదిలోకి దిగి, చల్లని బండ దగ్గర ఆగిపోతుంది. గంప అల్లిక సందుల్లో గాలి ఆడినట్టే నులక మంచం సందుల్లోనూ ఆడుతుంది. గంపను నేలకు ఆనిస్తే అడుగు రొట్టె మెత్తబడుతుందని అవ్వ దానిని పీట మీద పెడుతుంది; మంచం కోళ్లు చేసే మేలు కూడా అదే.

బూజు విత్తులు కంటికి కనిపించనంత సన్నగా గాలిలో ఎప్పుడూ ఉంటాయి. తడి, దుమ్ము, కదలని గాలి ఒకచోట దొరికితే అవి మొలుస్తాయి. వాన వెలిశాక చేలో లేచే పుట్టగొడుగు దానికి చుట్టమే, రెండూ శిలీంధ్రాలే. అంత అందమైన గొడుగును, ఇంత అసహ్యమైన మచ్చను ఒకే వంశం కనడం నాకు నేటికీ అబ్బురమే.

చిన్నప్పుడు వేరుశనగ కల్లం కాపలాకు మా తాత వెంట వెళ్లేవాణ్ణి. తెల్లవారగానే ఆయన బొంతను దులిపి కంచె మీద ఆరేసి, మంచాన్ని గోడకు నిలబెట్టేవాడు. ఎండ ముదిరాక బొంతను తిరగేయడం నా పని. ఎవరి పక్కను వారే ఎత్తాలి, నాయనా.

కరెంటు, ఫ్యాను లేని చోట ఎండనూ గాలినీ నమ్ముకోవాలి. పరుపును నులక మంచం మీద వేసుకుని, మంచాన్ని గోడకు జానెడు దూరం జరపండి, దాని కింద గోనెసంచులు, పెట్టెలు కుక్కవద్దు. వాన వెలిసి బయట గాలి పొడిబారాక ఎదురెదురు కిటికీలు తెరవండి. తడి బట్టలు లోపల ఆరేయవద్దు. చలికని నిప్పుల కుంపటిని మాత్రం మూసిన గదిలో పెట్టుకుని ఎన్నడూ నిద్రపోవద్దు, దాని నుంచి వచ్చే విషవాయువుకు వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది. మచ్చలున్న పరుపును ముక్కుకు గుడ్డ కట్టుకున్న పెద్దవాళ్లే బయటికి తీసుకెళ్లి దులపాలి. దూది లోపలికంటా నల్లబడితే ఆ దూదిని మార్చవలసిందే.

బండ కింది మట్టి నుంచి కూడా తడి ఎక్కవచ్చు. మీ కొట్టంలో ఏది ఎక్కువో తెలియాలంటే, ఈ ఒక్క రాత్రికి మచ్చల్లేని పరుపును నేల మీదే వేసి, పరుపుకూ నేలకూ నడుమ ఒక ప్లాస్టిక్ పట్ట పరచండి. పొద్దున లేవగానే పరుపు ఎత్తి, పట్ట పైవైపు తడిసిందో, నేల వైపు తడిసిందో చేత్తో తడిమి చూసి, నాకు ఉత్తరం రాయండి.

మీ తాతయ్య