వెనుకడుగు వేసిన సేనాని: బార్క్లే ద తోల్లి వివాదం వెనుక చరిత్ర

లాత్వియా రాజధాని రీగా నగరంలోని ఎస్ప్లనేడ్ ఉద్యానవనం నుంచి 2024 అక్టోబరులో ఒక విగ్రహాన్ని తొలగించారు. అది నెపోలియన్‌తో పోరాడిన రష్యన్ ఫీల్డ్ మార్షల్ మిఖాయిల్ బార్క్లే ద తోల్లిది. మొదటి విగ్రహాన్ని 1913లో ప్రతిష్ఠించగా, 1915లో జర్మన్ సేనలు దగ్గరపడుతున్నప్పుడు దానిని అక్కడి నుంచి తరలించారు. తరువాత దాని జాడ తెలియలేదు. దశాబ్దాల పాటు పీఠం ఖాళీగా ఉండిపోయింది. 2002లో దానిపై ఒక ప్రతిరూపాన్ని నిలిపారు. ఉక్రెయిన్‌పై రష్యా దాడి మొదలైన తరువాత, జార్ల సామ్రాజ్యానికి గుర్తుగా మిగిలిన శిల్పం తమ నగరంలో ఎందుకన్న వాదన బలపడింది. ఆయన ఈ ప్రాంతపు మనిషే కదా అని మరికొందరు అడిగారు. ఇద్దరి మాటలోనూ నిజముంది. అయితే ఈ సేనాని ఎవరివాడన్న తగాదా ఇప్పుడు పుట్టింది కాదు. 1812 వేసవిలో ఆయన నడిపించిన రష్యన్ సైన్యంలోనే, సాక్షాత్తూ ఆయన శిబిరంలోనే అది మొదలైంది.

బార్క్లే వంశీకులు స్కాట్లండ్ నుంచి వచ్చి బాల్టిక్ తీరంలో స్థిరపడి, జర్మన్ భాషకూ లూథరన్ మతానికీ అలవాటుపడినవారు. తాత రీగా మేయరుగా పనిచేశాడు. తండ్రి రష్యన్ సైన్యంలో చిన్న అధికారిగా ఉండి విరమించాడు. 1761లో పుట్టినట్టు ఎక్కువ గ్రంథాలు చెప్పే మిఖాయిల్, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో బంధువుల ఇంట పెరిగి, 1776లో ప్స్కోవ్ అశ్విక దళంలో చేరి, 1778లో అధికారి హోదా పొందాడు. ఆస్తి, దర్బారులో అండ, పెద్ద ఇంటి పేరు లేకుండా రష్యన్ సైన్యంలో పైకి రావడం ఎంత నిదానంగా జరిగేదో ఆయన జీవితమే చెబుతుంది. 1788లో తురుష్కుల ఒచాకోవ్ కోట ముట్టడిలోను, ఆ తరువాత స్వీడన్‌తో జరిగిన యుద్ధంలోను, 1794లో పోలండ్ తిరుగుబాటును అణచిన దండయాత్రలోను పాల్గొన్నా, కల్నల్ కావడానికి 1798 దాకా ఆగవలసి వచ్చింది. పోలండ్‌లో ఆయన పోరాడింది సామ్రాజ్యం తరఫునే కనుక, రీగాలో ఆయన పట్ల కనిపించిన విముఖత ఆధారం లేనిది కాదు.

ఆయన పేరు బయటికి వచ్చింది నెపోలియన్‌తో పోరులోనే. 1806 డిసెంబరులో పుల్తుస్క్ వద్ద ముందు దళాన్ని నడిపాడు. 1807 ఫిబ్రవరిలో ఐలావ్ పట్టణ వీధులలో జరిగిన పోరులో కుడి చేతి ఎముక ఛిద్రమైంది. శస్త్రచికిత్సలో ఎముక ముక్కలు తీసివేశాక ఆ చేయి జీవితాంతం సరిగా వంగలేదు. మేమెల్ పట్టణంలో కోలుకుంటున్న ఆయనను చూడడానికి జార్ మొదటి అలెగ్జాండర్ స్వయంగా వచ్చాడు. నెపోలియన్‌తో మళ్ళీ యుద్ధం వస్తే వెనుకకు తగ్గుతూ అతడిని దేశం లోపలికి లాక్కుపోవాలని బార్క్లే అక్కడే చరిత్రకారుడు నీబూర్‌తో అన్నట్టు ఒక కథనం ఉంది. యుద్ధం ఎలా ముగిసిందో తెలిసిన తరువాత గుర్తుచేసుకున్న మాటలకు ఎంత బరువు ఇవ్వవచ్చో అంతే దానికీ ఇవ్వాలి. అంతకన్నా నమ్మదగిన ఆధారాలు ఆయన మంత్రి పదవిలో ఉండగా తయారైన కాగితాలలో దొరుకుతాయి.

ఆ పదవికి దారి చూపింది ఫిన్‌లండ్ కోసం స్వీడన్‌తో జరిగిన యుద్ధం. 1809 మార్చిలో, గడ్డకట్టిన బోత్నియా సింధుశాఖలోని క్వార్కెన్ జలసంధి మీదుగా కొన్ని వేల మంది సైనికులను నడిపించి స్వీడన్‌లోని ఉమియో పట్టణం చేరుకున్నాడు. మంచు తుపానులో, పగుళ్ళు విచ్చే సముద్రం మీద, నిప్పు రాజేయడానికి పుల్ల దొరకని చోట రాత్రులు గడుపుతూ సాగిన ఈ నడక అప్పట్లో ఐరోపాను విస్మయపరచింది. ఆ వెంటనే ఆయనకు పూర్తి జనరల్ హోదా దక్కింది. తమకన్నా సర్వీసులో చిన్నవాడు ఒక్కసారిగా తమను దాటిపోవడం పలువురు లెఫ్టినెంట్ జనరళ్ళు మింగలేకపోయారు. 1812లో ఆయన మీద విరుచుకుపడిన కోపానికి తొలి కారణం ఇక్కడ ఉంది. సైన్యంలో పదోన్నతి తగాదాలు దేశభక్తి వేషంలో బయటికి రావడం ఆ కాలానికే పరిమితమైన విషయం కాదనుకోండి.

1810 ఆరంభంలో బార్క్లే యుద్ధమంత్రి అయ్యాడు. ఆ రెండున్నర ఏళ్ళలో ఆయన చేసిన పని యుద్ధరంగపు విజయాలకన్నా ముఖ్యమైనదని నా అభిప్రాయం. సైన్యాన్ని విస్తరించి, శాశ్వతమైన డివిజన్లుగా, కొన్ని డివిజన్లు కలిసిన కోర్‌లుగా అమర్చే పనిని ముందుకు తీసుకువెళ్ళాడు. సేనాధిపతి, అతని కార్యాలయం, సరఫరా శాఖ, వైద్యశాఖ ఎవరి అధికారం ఎంతవరకో నిర్ణయిస్తూ 1812 ఆరంభంలో వెలువడిన నిబంధనావళి రష్యన్ సైన్యాన్ని చాలా కాలం నడిపించింది. బొబ్రూయ్‌స్క్, దినాబుర్గ్ కోటల నిర్మాణం చేపట్టాడు. మంత్రిత్వ శాఖలో ఒక రహస్య విభాగం ఏర్పాటు చేసి, ఐరోపా రాజధానులలోని రాయబార కార్యాలయాల ద్వారా ఫ్రెంచ్ సైన్యపు లెక్కలు రాబట్టాడు. పారిస్‌లో ఉన్న జార్ ప్రతినిధి చెర్నిషోవ్, ఫ్రెంచ్ యుద్ధశాఖలో మిషెల్ అనే గుమస్తాను లంచంతో లోబరచుకుని దళాల వివరాలు పంపేవాడు. సంగతి బయటపడి మిషెల్‌కు 1812లో మరణశిక్ష పడింది.

ఈ లెక్కలే తరువాతి కథకు మూలం. 1810లోనే పశ్చిమ సరిహద్దుల రక్షణ గురించి జార్‌కు సమర్పించిన నివేదికలో, శత్రువు బలంగా ఉంటే నిర్ణాయక పోరు తప్పించుకుని ద్వీనా, ద్నీపర్ నదుల రేఖ వరకు వెనుదిరగాలన్న ఆలోచన కనిపిస్తుంది. మాస్కో దాకా వెళ్ళాలని అందులో లేదు. అంత దూరం ఎవరూ ఊహించలేదు కూడా. తరువాత రష్యన్ సేవలో చేరి ఈ యుద్ధాన్ని కళ్ళారా చూసిన ప్రష్యన్ అధికారి క్లౌజెవిట్జ్, ఆ సుదీర్ఘ ఉపసంహరణ ముందుగా గీసుకున్న పథకం కాదనీ, పరిస్థితుల ఒత్తిడిలో దానంతట అదే రూపు దిద్దుకున్నదనీ తేల్చాడు. వివరాలలో ఆ మాట నిజమే. అయితే ప్రతి మజిలీలోనూ నిలబడి పోరాడమని చుట్టూ ఉన్నవారు కేకలు వేస్తుంటే, లెక్క సరిపోలేదు కనుక కదలండి అని ఆజ్ఞ ఇవ్వడానికి ఒక మనిషి కావాలి. పరిస్థితులు వాటంతట అవే ఆజ్ఞలపై సంతకం చేయవు.

1812 జూన్ 24న (ఇక్కడ ఇస్తున్న తేదీలన్నీ ఇప్పటి కాలెండరువి) నెపోలియన్ సేన రష్యా సరిహద్దున ఉన్న నీమన్ నది దాటడం మొదలుపెట్టింది. తొలి విడతలోనే దాదాపు నాలుగున్నర లక్షల మంది వచ్చారు. ఎదురుగా సరిహద్దున ఉన్న రష్యన్ సేనలు మొత్తం అందులో సగం మాత్రమే, అవీ మూడు ముక్కలుగా ఉన్నాయి. బార్క్లే కింద ఉన్న మొదటి పశ్చిమ సైన్యం లక్షా ఇరవై వేలకు అటూ ఇటూ ఉంటే, దక్షిణాన ప్రిన్స్ బగ్రాతియోన్ కింద ఉన్న రెండవ సైన్యం యాభై వేలకు లోపే. ఈ రెంటి మధ్య చొరబడి ఒక్కొక్కదానినీ విడిగా నలిపేయాలని నెపోలియన్ పథకం. జార్ సలహాదారు ఫూల్ సూచన మేరకు ద్రిస్సా వద్ద కందకాల శిబిరం కట్టి ఉంచారు. అక్కడికి చేరాక, అది రక్షణ కాదు, సైన్యాన్ని పట్టించే ఉచ్చు అని అందరికీ అర్థమై దానిని వదిలేశారు. జూలైలో పోలోత్స్క్ వద్ద జార్ సైన్యాన్ని విడిచి వెళ్ళిపోయాడు. వెళ్తూ, తనకు ఈ సైన్యం తప్ప మరొకటి లేదన్న సంగతి మరువవద్దని బార్క్లేకు చెప్పాడంటారు.

కానీ వెళ్ళేముందు జార్ బార్క్లేను సర్వసేనానిగా నియమించలేదు. మంత్రిగా జార్ పేరుతో ఆజ్ఞలు పంపగలడు, అంతే. జనరల్ హోదాలో బగ్రాతియోన్ ఆయనకన్నా కొద్దిగా సీనియర్. బార్క్లే సిబ్బంది ప్రధానాధికారి యెర్మోలోవ్ ఆయన వెనుక జార్‌కు నేరుగా ఉత్తరాలు రాస్తుండేవాడు. ఇలాంటి బలహీనమైన అధికారంతోనే ఆయన వీతెబ్‌స్క్ వద్ద యుద్ధానికి సిద్ధమయ్యాడు. అయితే బగ్రాతియోన్ మొగిల్యోవ్ దారి తెరచుకోలేకపోయాడనీ, అక్కడికి రాలేడనీ కబురు అందగానే, శిబిరపు నెగళ్ళను మండుతూనే ఉంచి రాత్రికి రాత్రి సైన్యాన్ని తప్పించాడు. తెల్లవారి యుద్ధానికి వచ్చిన నెపోలియన్‌కు ఖాళీ మైదానం ఎదురైంది.

ఆగస్టు ఆరంభంలో రెండు సైన్యాలూ స్మోలెన్‌స్క్‌లో కలిశాయి. బగ్రాతియోన్ పంతం విడిచి బార్క్లే ఆజ్ఞకు లోబడడానికి ఒప్పుకున్నాడు. ఆ సఖ్యత రోజుల్లోనే ఆవిరైపోయింది. రూద్న్యా వైపు దాడి చేయాలని సమావేశంలో నిర్ణయించి బయలుదేరాక, నెపోలియన్ ఎటు నుంచి వస్తున్నాడో తేలక బార్క్లే దళాలను ముందుకూ వెనుకకూ తిప్పాడు. ఆ రోజుల తడబాటును ఆయన అభిమానులు సమర్థించాలని చూస్తారు కానీ, అది సమర్థించదగినదిగా నాకు తోచదు. ఈలోగా నెపోలియన్ దక్షిణం నుంచి చుట్టి వచ్చాడు. ఆగస్టు 16 నుంచి 18 వరకు స్మోలెన్‌స్క్ కాలిపోతుండగా పోరు సాగింది. కోట ఇంకా నిలిచే ఉండగానే బార్క్లే నగరం ఖాళీ చేయించాడు. నెపోలియన్ ద్నీపర్ నదిని నగరానికి ఎగువన దాటి మాస్కో మార్గాన్ని కోసేస్తే సైన్యమంతా చిక్కుకుపోతుందన్న భయం ఆయనది. సైనికపరంగా ఆ నిర్ణయం సరైనదే. కానీ స్మోలెన్‌స్క్ రష్యన్లకు పవిత్ర నగరం. సైనికులు నగరం నుంచి మేరీమాత ప్రతిమను మోసుకుంటూ వెనుదిరిగారు.

అక్కడి నుంచి బార్క్లేను ద్రోహి అన్నారు. ప్రధాన శిబిరం జర్మన్లతో నిండిపోయి అందులో రష్యన్ బతకలేకపోతున్నాడని బగ్రాతియోన్ దర్బారులోని అరాక్చేయెవ్‌కు రాశాడు. తనకు బహుమానంగా జర్మన్ హోదా ఇప్పించమని యెర్మోలోవ్ జార్‌ను అడిగాడన్న పరిహాసం నాలుక నుంచి నాలుకకు పాకింది. బగ్రాతియోన్ స్వయంగా జార్జియన్ కావడం ఇందులో ఎవరికీ అడ్డు కాలేదు. మితభాషి, ముభావి, యాస ఉన్న రష్యన్ మాట్లాడే బార్క్లే, తన లెక్కలను సైనికులకు వివరించే ప్రయత్నమూ చేయలేదు. ఆగస్టు 20న జార్ అయిష్టంగానే మిఖాయిల్ కుతుజోవ్‌ను సర్వసేనానిగా నియమించాడు. 29న కుతుజోవ్ త్సారెవో-జైమిషే చేరేసరికి బార్క్లే అక్కడ యుద్ధానికి స్థలం ఎంచి సిద్ధపడుతున్నాడు. కొత్త సేనాని ఆ స్థలాన్ని చూసి, ఇంకా వెనుకకు నడవమన్నాడు. అదే పని రష్యన్ పేరుగల వృద్ధుడు చేస్తే సైన్యం నిశ్చింతగా నడిచింది. ఇందులో కుతుజోవ్ తెలివి లేదనలేం. సైనికుల నమ్మకం కూడా ఒక బలమే. అది బార్క్లే దగ్గర లేదు.

సెప్టెంబరు 7న బొరొదినో మైదానంలో బార్క్లే కుడి పార్శ్వాన్ని, మధ్యభాగాన్ని నడిపాడు. పతకాలన్నీ ధరించి పూర్తి లాంఛన దుస్తులలో గుండ్ల వానలోకి వెళ్ళిన ఆయనను చూసి, చావును వెతుక్కుంటున్నాడని తోటి అధికారులు అనుకున్నారు. ఆయన కింద గుర్రాలు కూలాయి, సహాయకులలో చాలామంది చనిపోవడమో గాయపడడమో జరిగింది. మధ్యాహ్నం మధ్యభాగంలో రష్యన్ ఫిరంగులున్న దిబ్బ ఫ్రెంచివారి చేతికి చిక్కాక అశ్విక దళాలను స్వయంగా ముందుండి నడిపించాడు. ప్రాణాంతకంగా గాయపడిన బగ్రాతియోన్, సైన్యం భవితవ్యం ఇక బార్క్లే చేతిలోనే ఉందని కబురు పంపినట్టు బార్క్లే సహాయకుడు లోవెన్‌స్టెర్న్ రాసుకున్నాడు. 13న ఫిలి గ్రామంలో జరిగిన సమావేశంలో, మాస్కో పోయినా రష్యా పోదు, సైన్యం పోతే రెండూ పోతాయన్న వాదన ముందుగా వినిపించింది బార్క్లేనే. జనరల్ బెనిగ్సెన్ పోరాడాలన్నాడు. కుతుజోవ్ బార్క్లే పక్షాన నిర్ణయం తీసుకున్నాడు.

అక్టోబరు ఆరంభంలో అనారోగ్యం, అవమానం కలిసి బార్క్లే సైన్యాన్ని విడిచిపెట్టాడు. తాను బండిని కొండపైకి చేర్చాననీ, కొద్దిపాటి అదుపుతో అది తానే దిగిపోతుందనీ లోవెన్‌స్టెర్న్‌తో అన్నాడు. దారిలో కలూగా పట్టణంలో ఆయన బండి మీద జనం రాళ్ళు విసిరారని చెబుతారు.

ఆ తరువాతి ఎదుగుదలను త్వరగా చెప్పేయవచ్చు. 1813లో తిరిగి వచ్చి తోర్న్ కోటను పట్టుకున్నాడు. బౌట్జెన్ పోరు తరువాత రష్యా-ప్రష్యా ఉమ్మడి సేనకు అధిపతి అయ్యాడు. కుల్మ్ విజయానికి సెయింట్ జార్జ్ మొదటి తరగతి పతకం, లైప్‌జిగ్ తరువాత కౌంట్ బిరుదు, 1814లో పారిస్ లొంగినప్పుడు ఫీల్డ్ మార్షల్ హోదా, 1815లో ప్రిన్స్ బిరుదు వరుసగా వచ్చాయి. 1818 మేలో, చికిత్సకు బొహీమియా వెళ్తూ తూర్పు ప్రష్యాలో మరణించాడు.

బిరుదులు ఇచ్చినంత తేలికగా దేశం 1812 నాటి ఘనతను పంచి ఇవ్వలేదు. 1836లో పుష్కిన్ ఆయనపై సానుభూతితో రాసిన కవిత అచ్చయినప్పుడు, కుతుజోవ్‌ను తక్కువ చేశారని ఆ కుటుంబీకుడొకరు అభ్యంతరం లేవనెత్తగా, కవి వివరణ ప్రచురించవలసి వచ్చింది. 1837లో పీటర్స్‌బర్గ్‌లోని కజాన్ కెథడ్రల్ ముందు ఇద్దరి విగ్రహాలనూ సమానంగా నిలిపారు. అలెగ్జాండర్ జనరళ్ళలో ఉత్తముడు బార్క్లే అని ఎంగెల్స్ భావించాడు. రెండవ ప్రపంచయుద్ధం ఈ లెక్కను తిరగరాసింది. 1941 నవంబరులో మాస్కోలోని ఎర్రచౌకు (రెడ్ స్క్వేర్)లో స్టాలిన్ స్మరించిన పూర్వవీరులలో కుతుజోవ్ ఉన్నాడు, 1942లో కుతుజోవ్ పేరిట పతకం వచ్చింది, 1944 నాటి మహాదాడికి బగ్రాతియోన్ పేరు పెట్టారు. బార్క్లే పేరు దేనికీ అక్కర్లేకపోయింది. 1947లో అచ్చయిన ఒక లేఖలో, ఎంగెల్స్ పొరబడ్డాడనీ, కుతుజోవ్ బార్క్లేకన్నా రెండు తలలు ఎత్తైనవాడనీ స్టాలిన్ ప్రకటించాక, సోవియట్ చరిత్రకారులకు ఆ విషయంలో వాదించే అవకాశమే మిగలలేదు. స్టాలిన్ మరణించాక నెమ్మదిగా, 1980ల చివరి నుంచి ధైర్యంగా, రష్యన్ పరిశోధకులు బార్క్లే కాగితాలను మళ్ళీ తెరిచి, ఉపసంహరణ ఖాతాలో ఆయన వాటా ఎంతో లెక్కగట్టడం మొదలుపెట్టారు.